లావా చేసినవి, చేయనివి: పెన్‌గంగ ఒడ్డున రాళ్ళను చదివే పద్ధతి

ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాదు వెళ్ళే రైలు భోకర్, హిమాయత్‌నగర్ దాటిన తరువాత సహస్రకుండ్ అనే చిన్న స్టేషనులో ఆగుతుంది. అక్కడికి దగ్గరలోనే పెన్‌గంగ నది నల్లటి బండల మీదుగా పాయలు పాయలుగా విడిపోయి ఒక లోతైన గండిలోకి దూకుతుంది. నదికి ఒక ఒడ్డు నాందేడ్ జిల్లా, మరో ఒడ్డు యవత్మాళ్ జిల్లా. కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు తాలూకాలలోని తెలుగు కుటుంబాలకూ, ఆదిలాబాదు, నిర్మల్ వైపు నుంచి వచ్చేవారికీ ఇది వానాకాలపు యాత్రాస్థలం. జలపాతాన్ని చూసి, మాహూరులో రేణుకాదేవిని దర్శించుకుని, వీలైతే ఉన్‌కేశ్వర్ ఉష్ణగుండంలో స్నానం చేసి తిరుగుముఖం పట్టడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ.

ఈ నేలంతా ఒకప్పటి అగ్నిపర్వతపు లావా అని బడిలో చదువుకున్న పిల్లలు ఆ బండల మీద నిలబడి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: అగ్నిపర్వతం ఎక్కడుంది? పెద్దలు మాహూరు కొండలను చూపిస్తారు, లేదా లోణార్ సరస్సున్న గుండ్రని గుంటను గుర్తు చేస్తారు, లేదా ఉన్‌కేశ్వర్ వేడినీళ్ళే సాక్ష్యమంటారు. ఈ మూడు జవాబులూ తప్పే. లావా చేయని పనులను మనం దానికి అంటగడుతున్నాము. అది నిజంగా చేసిన పనులు పొలం గట్టు మీద, బావి గోడలో, ఇంటి పునాదిలో ప్రతిరోజూ కళ్ళ ముందే ఉన్నా వాటిని లావాగా గుర్తించడం లేదు. ఈ చిక్కుముడిని విప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట కొండ సంగతి చూద్దాము. అగ్నిపర్వతం అనగానే కొనదేలిన శిఖరం, దాని నెత్తిన పొగ కక్కే గుంట మనసులో మెదులుతాయి. దక్కను లావా అలాంటి శిఖరం నుంచి వచ్చినది కాదు. భూమి పైపొర పొడవైన పగుళ్ళుగా చీలి, ఆ చీలికల నుంచి పలుచని లావా పొంగి, వరదలాగా పల్లానికి పారి గడ్డకట్టింది. చీలికలలోనే గడ్డకట్టిన రాతి గోడలు నేటి మహారాష్ట్ర పడమటి భాగంలోనూ, నర్మద, తాపీ లోయల పొడవునా ఎక్కువగా కనిపిస్తాయి కనుక, నాందేడ్, యవత్మాళ్ వైపు ఉన్న రాయిలో అధికభాగం అటు నుంచి పారి వచ్చినదే. అంటే మన సరిహద్దు జిల్లాలకు లావా అతిథిగా వచ్చింది. మాహూరు కొండలు మంటను కక్కిన కొండలు కావు. ఒకదాని మీద ఒకటి పరుచుకున్న లావా పొరలను కోట్ల సంవత్సరాల వానలు, వాగులు కోసుకుంటూ పోగా మిగిలిన ముక్కలు అవి. పక్కనున్న లోయ ఒకప్పుడు కొండతో సమానమైన ఎత్తులోనే ఉండేది.

ఈ సంగతి గుర్తుంటే కొండల ఆకారం కూడా అర్థమవుతుంది. కిన్వట్ నుంచి మాహూరు వెళ్ళే దారిలో కొండల పైభాగం బల్లపరుపుగా ఉండి, పక్కలు మెట్లు మెట్లుగా దిగుతాయి. ప్రతి లావా పొరలో గట్టిగా ఉన్న నడిమి భాగం నిట్టనిలువు గట్టుగా నిలుస్తుంది, మెత్తగా ఉన్న పైభాగం అరిగి వాలుగా మారుతుంది, ఆ వాలు మీద చెట్లు పెరుగుతాయి. ఎండాకాలంలో ఆకులు రాలిన తరువాత చూస్తే నల్లని గట్టు, గోధుమరంగు వాలు, మళ్ళీ నల్లని గట్టు వరుసగా లెక్కపెట్టవచ్చు. స్వీడిష్ భాషలో మెట్టును ‘ట్రప్పా’ అంటారు. ఐరోపా భూగర్భ శాస్త్రజ్ఞులు ఇలాంటి రాతికి ‘ట్రాప్’ అని పేరు పెట్టడానికి ఆ మాటే మూలం. సహస్రకుండ్ దగ్గర పెన్‌గంగ దిగేది కూడా ఈ మెట్ల మీదనే.

కాలం, విస్తీర్ణం గురించి కొన్ని అంకెలు అవసరం. ఈ లావాలో అత్యధిక భాగం సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, పది లక్షల సంవత్సరాలకు మించని వ్యవధిలో వెలువడింది. అప్పుడు భారత భూఖండం ఆసియాను ఇంకా తాకలేదు. హిందూ మహాసముద్రం మీదుగా ఉత్తరానికి జరుగుతూ, నేడు రీయూనియన్ దీవి కింద ఉన్న వేడి మూలం మీదుగా సాగిపోయిందన్నది ఎక్కువమంది శాస్త్రజ్ఞులు అంగీకరించే వివరణ. కోత పోగా ఇప్పటికీ మిగిలిన లావా పరుపు విస్తీర్ణం సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. నేటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటినీ కలిపినా అందులో సగానికి కొద్దిగానే మించుతాయి. మందం మాత్రం అంతటా ఒకటి కాదు. పడమటి కనుమల్లో 2 కిలోమీటర్లు ఉన్న ఈ పరుపు తూర్పుకు వచ్చేకొద్దీ పలుచబడుతుంది. లాతూరు జిల్లా కిల్లారి దగ్గర పరిశోధన కోసం వేసిన బోరులో లావా 338 మీటర్లకే ముగిసి, కింద పాత రాయి తగిలింది. దెగ్లూరు, బిలోలి చేరేసరికి పరుపు పూర్తిగా చిరిగిపోయి కింది గ్రానైటు బయటపడుతుంది. మనం నిలబడినది ఒక మహా దుప్పటి అంచున అని తెలిస్తేనే ఈ ప్రాంతంలో పది మైళ్ళకొకసారి నేల ఎందుకు మారుతుందో బోధపడుతుంది.

పొరల సంగతి పుస్తకంలో చదివినప్పటి కన్నా బావిలోకి దిగినప్పుడు నాకు బాగా అర్థమైంది. కిన్వట్ తాలూకాలో మా మేనమామకు కొద్దిపాటి పత్తి చేను, అందులో నలభై అడుగులు దాటిన ఒక తవ్వుడు బావి ఉన్నాయి. ఎండాకాలంలో నీరు అడుగంటినప్పుడు నిచ్చెన వేసుకుని దిగితే ఆ గోడ ఒక పాఠంలాగా ఉంటుంది. పైన మనిషి నడుము లోతు నల్లరేగడి. దాని కింద పసుపు, గోధుమ కలిసిన మొరం. మొరంలో అక్కడక్కడా గుమ్మడికాయంత గుండ్రని రాళ్ళు, ఉల్లిగడ్డ పొరల్లాగా పెచ్చులూడుతూ ఉంటాయి. అవి నది దొర్లించి తెచ్చిన గుండ్లు కావు. పగుళ్ళ వెంట దిగిన నీరు రాతి దిమ్మను నాలుగు మూలలా కొరుక్కుంటూ రాగా నడుమ మిగిలిన గట్టి గింజలు. ఆ కింద సమ్మెట దెబ్బకు ఖంగున మోగే నల్లరాయి. దాదాపు అడుగున, రెండు జానల మందాన, గోడకు పూసే జాజు రంగులో ఒక ఎర్రమట్టి పట్టీ బావి చుట్టూ మొలతాడులాగా తిరిగి ఉంటుంది. ఊట సరిగ్గా ఆ ఎర్ర పట్టీకి పైనుంచే సన్నగా జారుతుంది.

“మామా, ఇక్కడికే ఎందుకు ఆపించావు?” అని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇది: “ఎర్రమట్టి తగిలింది గద. నీళ్ళు దాని మీదనే నిలుస్తయి. దాన్ని పొడిస్తే ఉన్న నీళ్ళు గూడ కిందికి పోతయని బావి తవ్వినోళ్ళే చెప్పిన్రు.”

ఆ బావి తవ్వేవాళ్ళు భూగర్భ శాస్త్రం చదువుకోలేదు గాని, వారు చెప్పినది అక్షరాలా శాస్త్రమే. ఒక లావా ప్రవాహం గడ్డకట్టిన తరువాత, మరో ప్రవాహం వచ్చి దానిని కప్పేలోపు కొన్నిచోట్ల వేల సంవత్సరాల విరామం ఉండేది. ఆ విరామంలో పైభాగం వానకు, గాలికి పుప్పిపోయి మట్టిగా మారింది, లావాతో పాటు ఎగసిన బూడిద కూడా కొన్నిచోట్ల అందులో కలిసింది. ఆ మట్టిలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రనైంది. తరువాత వచ్చిన లావా దానిని నొక్కి, కాల్చి, నీరు ఇంకని బంకపొరగా మార్చింది. పై పొర పగుళ్ళలో నుంచి దిగిన వాననీరు ఆ బంక దగ్గర ఆగి, పక్కలకు జారుతుంది. కొండ పక్కన ఆ పట్టీ బయటపడినచోట ఊట పుడుతుంది, బావిలో బయటపడినచోట నీరు చేరుతుంది. ఆ ఎర్ర గీత రెండు ప్రవాహాల నడుమ భూమి ఊపిరి పీల్చుకున్న కాలానికి గుర్తు. బావిలో చేయి చాచి దానిని తాకినప్పుడు వేళ్ళకంటుకునే ఆ జాజుపొడి, రాక్షసబల్లుల కాలపు నేల మీద పడిన వానలు తయారుచేసిన మట్టి అని తెలిస్తే చేయి వెంటనే వెనక్కు తీసుకోబుద్ధి కాదు.

అయితే ఎర్ర పట్టీని పొడవకూడదన్నది అన్నిచోట్లా చెల్లే నియమం కాదు. పట్టీకి కింద ఉన్న పాత ప్రవాహపు పైభాగం సాధారణంగా బుడగలమయం. లావా చల్లారేటప్పుడు అందులోని వాయువులు పైకి లేచి, తప్పించుకోలేక అక్కడే చిక్కుకుపోగా ఏర్పడిన బొక్కలు అవి. ఆ బొక్కలు ఒకదానితో ఒకటి కలిసి, పగుళ్ళు కూడా తోడైతే అక్కడ మంచి జల దొరుకుతుంది. కానీ కోట్ల సంవత్సరాలలో వేడినీరు ఆ బొక్కలను తెల్లని జియోలైట్ పలుకులతో, సున్నపు స్ఫటికాలతో, చెకుముకి రాయితో పూడ్చివేసిన చోట చుక్క నీరు ఉండదు. సహస్రకుండ్ దగ్గర నది ఒడ్డున ఒక నల్లరాయి ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. నువ్వుల ఉండలో పటికబెల్లం పలుకులు పొదిగినట్టు తెల్లని చుక్కలు కనిపిస్తాయి. అవే ఆ పూడిపోయిన బుడగలు. మన పూర్వులు నిప్పు పుట్టించడానికి వాడిన చెకుముకి రాళ్ళు ఈ వాగులలో అంత విరివిగా దొరకడానికి కూడా కారణం ఇదే: చుట్టూ ఉన్న నల్లరాయి మట్టిగా మారి కొట్టుకుపోగా, బొక్కలలో గడ్డకట్టిన ఆ గట్టి రాయి మాత్రం మిగిలింది.

ఈ ప్రాంతపు రైతులను నిండా ముంచుతున్న బోరుబావుల చిక్కు ఇక్కడే ఉంది. మామ చేనుకు ఆనుకుని ఉన్న చేనులో మూడేళ్ళలో మూడు బోర్లు వేయించారు. మూడూ పడలేదు. ఎంత లోతుకు వెళితే అంత నీరు అని బోరు బండివారు చెప్పిన మాటను నమ్మడమే దానికి మూలం. గ్రానైటులోనూ ఆ మాటకు హామీ లేదు, లావా నేలలో అసలే లేదు. లావా పొర నడిమి భాగం పగుళ్ళు తప్ప ఖాళీ లేని గట్టి రాయి. బోరు దానిలో వందల అడుగులు దిగినా, బుడగల పొరను గాని, నీరు నిండిన పగులును గాని తాకకపోతే పొడి దుమ్మే పైకి వస్తుంది. పైగా లావా ఒకే మందంతో చాప పరిచినట్టు పారలేదు. నాలుకలు చాచుకుంటూ, పాత గుట్టలను చుట్టుకుంటూ, పల్లాలను నింపుకుంటూ పారింది. అందువల్ల ఒక చేనులో ముప్పై అడుగుల దగ్గర ఉన్న బుడగల పొర పక్క చేనులో ఉండకపోవచ్చు. బాగా పుప్పిన లావా రాయిలో కూడా బావికి చేరగల నీరు మొత్తం రాతి పరిమాణంలో నూటికి రెండు మూడు పాళ్ళను మించదు. అంటే ఇక్కడ భూమి లోపల ఉన్నవి చెరువులు కావు, ఏ ఏటి వానను ఆ ఏడు దాచుకునే చిన్న కుండలు. నా అభిప్రాయంలో ఈ జిల్లాలలో లోతు బోరు మీద పెట్టే డబ్బు కన్నా, వాగుకు అడ్డుకట్ట వేసి ఉన్న బావికి నీటిని ఇంకించడం మీద పెట్టే డబ్బే రైతుకు తిరిగి వస్తుంది.

ఒక పోలిక ఇక్కడ చెప్పాలి. గోదావరి దాటి కరీంనగర్, వరంగల్ వైపు వెళితే ఊరూరా గొలుసుకట్టు చెరువులు కనిపిస్తాయి. మరాఠ్వాడాలో అంతటి చెరువుల వ్యవస్థ కనిపించదు, అక్కడ బావులదే రాజ్యం. రాజుల పట్టుదలలో తేడా ఒక కారణమైతే కావచ్చు గాని, నేలలో ఉన్న తేడా కూడా చిన్నది కాదు. గ్రానైటు నేలలో గుట్టలు, వాటి నడుమ సహజమైన పల్లాలు కట్టకు అనువుగా ఉంటాయి. లావా నేలలో పుప్పిన రాయి, ఎర్ర పట్టీలు పొరలు పొరలుగా ఉండటం వల్ల తవ్వుకున్న బావికే ఊట సులభంగా అందుతుంది.

ఇక మట్టి. ఈ నేలకు ప్రపంచ శాస్త్ర గ్రంథాలలో ‘రెగూర్’ అన్న పేరు స్థిరపడింది. అది మన ‘రేగడి’ అన్న మాటే. తెలుగు రైతు పెట్టిన పేరు మట్టి శాస్త్రంలో చేరడం నాకు గర్వకారణం, అయితే ఆ మట్టి గురించి మనలో ఉన్న అపోహలు కూడా తక్కువేమీ కాదు. నల్లగా ఉంది కనుక ఎరువు నిండా ఉందని అనుకోవడం మొదటిది. నిజానికి రేగడిలో కుళ్ళిన ఆకు అలముల పాలు చాలా స్వల్పం, నత్రజని, భాస్వరం తరచుగా తక్కువే. సున్నం, మెగ్నీషియం, పొటాష్ పుష్కలంగా ఉంటాయి. ఆ నలుపు లావా రాతిలోని ఇనుము, టైటానియం కలిసిన ఖనిజాల వల్ల, కొద్దిపాటి జీవపదార్థం బంకమన్ను రేణువులను గట్టిగా అంటుకుని ఉండటం వల్ల వచ్చినది.

రేగడి అసలు బలం ఆ బంకమన్నులో ఉంది. తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే స్మెక్టైట్ జాతి మన్ను అది. ఏప్రిల్, మే నెలలలో పత్తి మోళ్ళు పీకేసిన చేనులో నడిస్తే చేయి దూరేంత పగుళ్ళు కనిపిస్తాయి. పైనున్న పొడి మట్టి ఆ పగుళ్ళలోకి రాలుతుంది. తొలకరికి అడుగు నుంచి ఉబ్బిన మన్ను దానిని మళ్ళీ పైకి నెడుతుంది. రైతు ముట్టుకోకపోయినా నేల తనను తాను తిరగేసుకుంటుంది. వాన వెలసిన రెండు నెలల తరువాత కూడా పత్తి, కంది, శెనగ, యాసంగి జొన్న ఆ పట్టుకున్న తేమతోనే నిలబడతాయి. అదే మన్ను ఇంటికి శత్రువు. పునాదిని మొరం దాకా దించకపోతే గోడలు మూలల దగ్గర ఏటవాలుగా చీలుతాయి, కరెంటు స్తంభాలు ఒరుగుతాయి. కిన్వట్ వైపు పాత మేస్త్రీలు పునాది గోతిలో నల్లమట్టి పూర్తిగా పోయి పసుపు మొరం కనిపించేదాకా తవ్వించి గాని రాయి పెట్టనివ్వరు.

రెండో అపోహ, నల్లరేగడి ఉన్నచోటల్లా లావా ఉంటుందనుకోవడం. నంద్యాల, కడప వైపు ఉన్న నల్లరేగడి లావా నుంచి వచ్చినది కాదు, అక్కడి సున్నపురాయి, పలకరాయి పుప్పగా ఏర్పడినది. ఆదిలాబాదు, రాజురా చుట్టుపక్కల కూడా సున్నపురాయి మీద నల్లమట్టి ఉన్నది. సున్నం ఎక్కువై, నీరు నిలిచి, ఎండాకాలం గట్టిగా ఉన్నచోట రకరకాల రాళ్ళ నుంచి ఈ మట్టి తయారవుతుంది. కనుక కాలి కింద లావా ఉందో లేదో తేల్చుకోవాలంటే మట్టిని చూసి లాభం లేదు. వాగు గట్టును, బావి గోడను, రోడ్డు కోతను చూడాలి.

ఇప్పుడు లావా చేయని పనుల సంగతి. ఉన్‌కేశ్వర్ కిన్వట్ తాలూకాలో, పెన్‌గంగ తీరాన ఉన్న శివక్షేత్రం. అక్కడి గుండంలో నీరు ఏడాది పొడవునా వెచ్చగా ఉంటుంది, చర్మరోగాలు పోతాయన్న నమ్మకంతో దూరప్రాంతాల నుంచి జనం వస్తారు. 6.6 కోట్ల సంవత్సరాల నాటి లావాలో నేటికీ వేడి మిగిలి ఉండటం అసంభవం. కుంపటి ఆరిన తెల్లవారే బూడిద చల్లబడినట్టు, అది చల్లారి కోట్ల ఏళ్ళయింది. ఆ వేడి భూమి సహజంగా లోలోపల దాచుకున్నది. లోతుకు వెళ్ళేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున రాయి వేడెక్కుతుంది. లోతైన పగులు వెంట దిగిన వాననీరు అక్కడ కాగి, మరో పగులు వెంట చల్లారే వ్యవధి లేకుండా పైకి వస్తే ఉష్ణగుండం అవుతుంది. దీనికి లావాతో నిమిత్తం లేదనడానికి మణుగూరు దగ్గరి పగిడేరే ఉదాహరణ. లావా పొరలే లేని గోదావరి లోయ ఇసుకరాతిలో అక్కడి బోరు నుంచి వేడినీళ్ళు వస్తున్నాయి.

బుల్ఢాణా జిల్లా లోణార్ సరస్సు మరో ఉదాహరణ. సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రంగా, గట్టు పైకి లేచి ఉన్న ఆ గుంటను చూస్తే ఎవరికైనా అగ్నిపర్వతపు నోరే గుర్తుకు వస్తుంది. శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం అలాగే భావించారు. అయితే 1970లలో అక్కడ వేసిన బోర్ల నుంచి బయటికి తీసిన రాతిలో, తీవ్రమైన తాకిడి వల్ల తప్ప మరే విధంగానూ ఏర్పడని గాజు పదార్థం దొరికింది. ఆకాశం నుంచి పడిన ఉల్క, కోట్ల సంవత్సరాల ముందే చల్లారిన లావా బండను గుద్దగా ఏర్పడిన గుంట అది. దాని వయస్సు మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు: ఒక పద్ధతి సుమారు 50 వేల సంవత్సరాలని, మరొక పద్ధతి 5 లక్షలకు పైనే అని చెబుతున్నాయి. ఏది నిజమైనా లావా వయస్సు ముందు అది నిన్నటి మాటే. చంద్రుడి మీద, అంగారకుడి మీద ఉన్న గుంటలలో అనేకం లావా రాతిలోనివే కావడంతో వాటిని అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు లోణార్‌కు వస్తుంటారు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారిలో వచ్చిన భూకంపంలో దాదాపు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. దానికీ లావాయే కారణమని ఇప్పటికీ కొందరు అంటారు. హిమాలయాల దగ్గర ఆసియాను నెడుతున్న భారత ఫలకంలో పేరుకునే ఒత్తిడి, లావా కింద దాగిన పురాతనమైన రాతిలోని ఒక బలహీనమైన చీలిక దగ్గర విడుదల కావడం ఆ భూకంపానికి కారణం. లావాకు ఆ విషాదంలో ఉన్న పాత్ర వేరు, అది పరోక్షమైనది. చవకగా దొరికే నల్లరాళ్ళను మట్టితో పేర్చి కట్టిన వెడల్పాటి గోడలు, వాటి మీద మందపాటి మట్టికప్పు, నిద్రలో ఉన్నవారి మీద కూలాయి. ఈ సరిహద్దు పల్లెలలో అలాంటి గోడల ఇళ్ళు నేటికీ ఉన్నాయి. మూలలకు, గోడల నడుమకు పొడవైన కట్టురాళ్ళు పెట్టడం, పైన చుట్టూ ఒక పట్టీ వేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు కనుక దీనిని ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావిస్తున్నాను.

రాక్షసబల్లుల విషయంలోనూ ఇలాంటి కలగాపులగమే ఉంది. గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో మన తెలుగువారు ఎక్కువ. అక్కడి పోచంపల్లి దగ్గర కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ పరిశోధకులు వెలికితీసిన పెద్ద జంతువుకు 1975లో రవీంద్రనాథ్ ఠాగూర్ స్మృతిగా ‘బారాపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టారు. వడదం దగ్గర రాయిగా మారిన చెట్ల దుంగలు కూడా ఉన్నాయి. వీటిని చూసినవారు లావా కింద పడి చచ్చిపోయాయని చెప్పుకుంటారు. సిరొంచ రాళ్ళు నదులు, చెరువులు పేర్చిన ఇసుకరాళ్ళు, సున్నపురాళ్ళు. ఆ జంతువు బతికిన కాలం లావాకు పది కోట్ల సంవత్సరాలకు పైగా ముందు. లావా రోజుల నాటి రాక్షసబల్లుల ఎముకలు కావాలంటే చంద్రపూర్ జిల్లా పిస్‌దురా వైపు వెళ్ళాలి. అక్కడ లావాకు సరిగ్గా కింద ఉన్న పొరలో అవి దొరికాయి. మొత్తం జాతి అంతరించడానికి లావా ఎంత కారణం, మెక్సికో తీరాన పడిన ఉల్క ఎంత కారణం అన్న వాదం మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. రెండూ భూమి లెక్కలో దాదాపు ఒకే సమయానికి జరగడమే ఆ వాదానికి మూలం.

లావా పారిన కాలంలో ఇక్కడ జీవం పూర్తిగా నశించలేదనడానికి సాక్ష్యాలు పొరల నడుమనే ఉన్నాయి. 1830లలో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన మాల్కంసన్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు హైదరాబాదు–నాగపూరు దారిలో, నిర్మల్ కొండల ప్రాంతంలో, రెండు లావా పొరల మధ్య రాయిగా మారిన మంచినీటి నత్తగుల్లలను గుర్తించాడు. ఒక ప్రవాహం చల్లారిన తరువాత దాని మీద చెరువులు ఏర్పడ్డాయి, నత్తలు, చేపలు, నాచు, ఒడ్డున తాటిజాతి చెట్లు బతికాయి, మరో ప్రవాహం వచ్చి వాటిని మూసివేసింది. బావిలోని ఎర్ర పట్టీ, ఈ నత్తగుల్లల పొర ఒకే కథను చెబుతాయి.

చూడదలచినవారికి దారి గురించి నాలుగు మాటలు. సహస్రకుండ్ హోరు చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరు మంచివి, రాళ్ళను చదవాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచివి. నీరు తగ్గినప్పుడే పొరలు, బుడగలు, నది తొలిచిన కుండలాంటి గుంతలు బయటపడతాయి. తడిసిన లావా బండ సబ్బు పూసినట్టు జారుతుంది, పైనుంచి నీరు ఎప్పుడు పెరుగుతుందో కింద ఉన్నవారికి తెలియదు కనుక నడిమి బండల మీదికి పిల్లలను పోనివ్వకూడదు. మాహూరులో గుడి దర్శనంతో సరిపెట్టుకోకుండా కొండను తొలచిన గుహలను కూడా చూస్తే, లావా పొరలోని గట్టి భాగాన్ని ఎంచుకుని ఉలి పెట్టిన శిల్పుల తెలివి అర్థమవుతుంది. యవత్మాళ్ జిల్లా షిబ్లా దగ్గర 2021లో రోడ్డు పనికి తవ్వుతుండగా పలకలు తీరిన స్తంభాల వంటి రాళ్ళు బయటపడ్డాయి. మనుషులు చెక్కిన గుడి స్తంభాలేమో అనిపించే అవి, లావా నెమ్మదిగా చల్లారి కుంచించుకుపోతూ ఆరు మూలలుగా పగలగా ఏర్పడినవి. ఎండిన చెరువు అడుగున ఒండ్రు పగిలే తీరూ అదే. అక్కడి నుంచి ముక్క తెచ్చుకోవాలన్న కోరికను అణచుకోవాలి. ఒకసారి విరిగిన స్తంభం మళ్ళీ మొలవదు.

ఈ లావా ఆనవాళ్ళు చూడటానికి నాందేడ్ దాకా రాలేని గోదావరి జిల్లాల వారికి తమ ఇంటి దగ్గరే ఒక తునక ఉంది. రాజమహేంద్రవరం చుట్టూ, దుద్దుకూరు, పంగిడి, గౌరీపట్నం, కాతేరు దగ్గర కంకర కోసం తవ్వే నల్లరాయి వయస్సు, రసాయన స్వభావం దక్కను లావాతో సరిపోతాయి. పడమటి చీలికలలో పుట్టిన లావా నాటి నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి నాటి సముద్రతీరం చేరిందన్నది దానికి ప్రబలంగా ఉన్న వివరణ. అక్కడ పొరల నడుమ దొరికేవి మంచినీటి నత్తలు మాత్రమే కావు, ఉప్పునీటి జీవుల గుల్లలు కూడా ఉన్నాయి.

దుప్పటి అంచును మాత్రం నాందేడ్ జిల్లాలోనే చూడాలి. నాందేడ్ నుంచి దెగ్లూరు వైపు రోడ్డు మీద వస్తూ పొలం గట్లకు, పశువుల కొట్టాలకు పేర్చిన రాళ్ళను గమనించండి. బయలుదేరినప్పుడు అన్నీ నల్లరాళ్ళే. కొంత దూరం పోయాక నల్లరాళ్ళ నడుమ మిరియాలు, ఉప్పు కలిపినట్టు మెరిసే ఎర్రటి, బూడిదరంగు రాళ్ళు ఒకటీ అరా కనిపిస్తాయి. ఇంకొంత దూరం పోయేసరికి గట్లన్నీ ఆ రాళ్ళతోనే ఉంటాయి, దూరాన తెలంగాణ గుట్టల్లాంటి గుండ్రని బండలు లేస్తాయి. రెండు రకాల రాళ్ళూ ఒకే గట్టులో కలిసి ఉన్నచోట బండి ఆపి దిగితే, వెయ్యి కిలోమీటర్ల లావా ఒకవైపు, దానికన్నా రెండు వందల కోట్ల సంవత్సరాలు పాతదైన దక్కను పునాది మరోవైపు ఉంటాయి. ఆ గట్టును పేర్చిన రైతు నాగలికి అడ్డొచ్చిన రాయినల్లా తీసి అక్కడ పెట్టాడు.